జానెడు పైపు

వేడి ఇంజను మీద మేస్త్రి చెయ్యి వెయ్యడు. అది ఆ షెడ్డుకి వచ్చే డ్రైవర్లందరికీ తెలుసు. బండి రాగానే ఇంజను ఆపించి, మూత తెరిపించి, "చల్లారనివ్వండి" అని స్టూలు మీద కూర్చుంటాడు. ఆయన కుడి ముంజేతి మీద ఎప్పుడో సైలెన్సరు పైపు పెట్టిన వాత ఒకటి ఉంది. తొందరపెట్టే వాళ్ళకి చొక్కా చెయ్యి మడిచి ఆ మచ్చ చూపిస్తాడు. అంతకంటే మాట్లాడడు.

సోమవారం పదిన్నరకి బావమరిది తెల్ల వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపినప్పుడు కూడా అదే జరిగింది. ఆ బండిని ఆపడానికి తాళం తిప్పితే చాలదు. స్టీరింగు కింద, మోకాలి దగ్గర వేలాడే తీగ లాగాలి. లాగితే ఇంజను రెండుసార్లు దగ్గి, బండి ఒళ్ళంతా కుదిపి, అప్పుడు ఆగుతుంది. మూడు వారాల కిందటే దానికి ఇంజను మార్చారు. సొంత ఇంజను పగిలిపోతే, వెనక నుంచి గుద్దుకుని తుక్కుకి వచ్చిన ఓ గూడ్సు బండి ఇంజను తీసి ఇందులో కూర్చోబెట్టాడు మేస్త్రి. కంపెనీ వేరు, కొలతలు వేరు. కుదరదని ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేసిన పని అది.

"బావా, పెడలు రాయైపోతోంది," అన్నాడు బావమరిది దిగుతూనే.

"ఏ పెడలు?"

"బ్రేకు. పొద్దున మిల్లుకి ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. నైటు షిఫ్టు ఆడవాళ్ళని ఎక్కించుకుని వెంటనే కిందికి దిగుతాను కదా, మూడో మలుపు దాటాక తొక్కితే కిందికి పోదు. గోడని తొక్కినట్టుంటుంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బానే ఉంది."

"మరి నన్నేం చూడమంటావు? బాగున్న బ్రేకునా?"

మామూలుగా అయితే బావమరిది దానికి తగ్గ జవాబు ఇచ్చేవాడు. బావల నోరు మూయించడంలో అతనికి మంచి పేరే ఉంది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది. ఎండ ఇంకా ముదరలేదు. మేస్త్రి ఆ చెమట చూశాడు గానీ దాని గురించి ఆలోచించలేదు.

డ్రైవరు సీటుకీ పక్క సీటుకీ మధ్య ఉన్న ఇంజను మూత తెరిచి, ఇద్దరూ టీ తాగి, అరగంట గడిచాక మేస్త్రి లేచాడు. చక్రాలు విప్పి చూశాడు. బ్రేకు ఆయిలు చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. ఇంజను స్టార్టు చేసి పెడలు తొక్కాడు. మెత్తగా, సగం దాకా దిగి ఆగింది. పదిసార్లు తొక్కాడు. పదిసార్లూ అంతే. షెడ్డు చుట్టూ రెండు రౌండ్లు తిప్పి, గేటు దగ్గర గట్టిగా తొక్కితే బండి ముక్కు నేలకి వంచి నిలబడింది.

"ఇంకెక్కడైనా కావాలా నీకు బ్రేకు?" అన్నాడు.

"నాతో ఒకసారి కిందికి దిగు బావా. రేపు పొద్దున. ఒక్క ట్రిప్పు."

"రేపు ఆ ట్రాక్టరు వాడికి ఇస్తానని మాటిచ్చాను. ఎల్లుండి చూద్దాంలే. మీ అక్కతో చెప్తాను, నాలుగు రోజులు మా ఇంట్లో తిను. కాలికి బలం వస్తుంది."

బావమరిది బండెక్కి, స్టార్టు చేసి, బయల్దేరే ముందు బ్రేకు ఒకసారి తొక్కి చూసుకున్నాడు. రోడ్డెక్కాక ఇంకోసారి తొక్కాడు. వెనక ఎర్ర లైటు రెండుసార్లు వెలగడం మేస్త్రికి కనబడింది.

ఆ ఎల్లుండి వచ్చింది. బుధవారం ఉదయం ఏడున్నరకి తెల్ల వ్యాను మిట్ట మీది నూలు మిల్లు నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్ళతో దిగుతూ, కింది చెక్‌పోస్టు దగ్గర గేటు స్తంభాన్ని గుద్దింది. స్తంభానికీ బండికీ మధ్య వాచ్‌మన్ ఎడమ కాలు పడింది.

మేస్త్రికి కబురొచ్చి ఆయన వెళ్ళేసరికి పదిన్నర దాటింది. వాచ్‌మన్‌ని ఆసుపత్రికి తీసుకుపోయారు. అతని చెప్పు ఒకటి అక్కడే ఉంది, ఎవరూ తీయలేదు. ఆడవాళ్ళు రోడ్డు పక్క దిమ్మ మీద వరసగా కూర్చుని ఉన్నారు. బావమరిది వ్యాను వెనక చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు.

మిల్లు మేనేజరు రోడ్డు మీద వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి, వంగి చూసి, తిరిగొచ్చాడు. "టైరు గీత లేదు మేస్త్రీ. ఒక్క అడుగు కూడా లేదు. బ్రేకు తొక్కి ఉంటే గీత పడదా?"

"తొక్కాను సార్," అన్నాడు బావమరిది. "రెండు కాళ్ళతో తొక్కాను. దిగలేదు. హ్యాండ్ బ్రేకు లాగాను, గేరు తగ్గించాను. లేకపోతే లోయలోకే పోయేవాళ్ళం."

"నువ్వు చూడు మేస్త్రీ," అన్నాడు మేనేజరు. "నువ్వు ఏమంటే అదే రాసుకుంటాను."

బండి మూడు గంటలుగా ఆగి ఉంది. ముందు బంపరు లోపలికి పోయింది గానీ రేడియేటరు దాకా రాలేదు. మేస్త్రి మూత తెరిచాడు. ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు. గోరువెచ్చగా ఉంది. స్టార్టు చేసి పెడలు మీద కాలు పెట్టాడు. మెత్తగా, సగం దాకా దిగి ఆగింది. అందరూ ఆయన కాలికేసే చూస్తున్నారు. ఇంకా ఇరవైసార్లు తొక్కాడు. ఎక్కడో ఒకసారి మొరాయిస్తే బాగుండునని ఆయనకి అనిపించిన మాట నిజం. మొరాయించలేదు.

"బ్రేకు బాగానే ఉంది," అన్నాడు.

బావమరిది తల ఎత్తి బావకేసి చూశాడు. కోపంగా ఏం లేదు. దారిలో చెయ్యి విడిచిన మనిషిని చూసినట్టు చూశాడు.

మేనేజరు కాగితం రాశాడు. బండిని పరిశీలించగా బ్రేకులు సక్రమంగా పనిచేయుచున్నవని. కింద మేస్త్రి సంతకం పెట్టాడు. "సొంత బావమరిది అని కూడా చూడలేదు," అన్నాడు మేనేజరు చుట్టూ ఉన్నవాళ్ళతో. "మేస్త్రి అంటే ఇలా ఉండాలి." ఆ మాట మేస్త్రికి నచ్చింది. ఎంత దిగులుగా ఉన్నా నచ్చింది. తన వాళ్ళని వెనకేసుకురాని మనిషి అనిపించుకోవడం ఆయనకి మొదటినుంచీ ఇష్టం. మనిషికుండే గర్వాల్లో ఇది మరీ మొండిది, ఎందుకంటే పైకి మంచితనంలా కనిపిస్తుంది.

ఇంట్లో ఆయన భార్య అన్నం వార్చి, గిన్నె మీద మూత పెట్టి, స్టవ్ పక్కనే నిలబడింది. కంచం పెట్టలేదు.

"తమ్ముడు తొక్కానంటున్నాడు," అంది.

"గుద్దినవాళ్ళంతా అదే అంటారు."

"వాడు నాతో అబద్ధమాడడు. మీతో ఆడినా నాతో ఆడడు."

"నా కాలితో తొక్కి చూశానే. పని చేసింది. చెయ్యలేదని ఎలా రాస్తాను? అబద్ధం రాయమంటావా?"

ఆమె తమ్ముడి సంగతి వదిలేసినట్టు, మామూలుగా అడిగింది. "మీరు చూసినప్పుడు బండి వేడిగా ఉందా?"

"వేడి బండిని ఎవడు ముట్టుకుంటాడు?"

"వాడు నడిపింది వేడి బండే కదా."

"నీకు తెలీదులే."

"నాకు ఇంజను తెలీదు. ఈ గిన్నె తెలుసు. మూత పెట్టినంతసేపూ లోపల కుతకుతలాడుతుంది. మూత తీస్తే ఊరుకుంటుంది. మీరెప్పుడూ మూత తీసి, చల్లారబెట్టి చూస్తారు." కంచం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "తినండి. చల్లారితే మీకు అన్నం మాత్రం సయించదు."

ఆయన తిన్నాడు. వంటకీ ఇంజనుకీ ముడిపెట్టడం ఏమిటని చిరాకుపడుతూనే తిన్నాడు.

గురువారం సాయంత్రం బావమరిది వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాడు. అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"వాచ్‌మన్‌కి మోకాలి కిందనుంచి తీసేశారట బావా."

మేస్త్రి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"ఆసుపత్రికి వెళ్ళాను. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టింది. చెప్పు తీసింది. నర్సు అడ్డం రాకపోతే కొట్టేదే. కొట్టినా బాగుండేది." తన అరచేతులు చూసుకున్నాడు. "శనివారం బ్రేకు ఇన్‌స్పెక్టరు వస్తాడట. నీ కాగితం చూసే రాస్తాడట. లైసెన్సు పోతుంది, కేసు పెడతారు. జైలంటున్నారు."

"చూద్దాం."

"నన్ను నేనే నమ్మలేకపోతున్నా బావా. రెండ్రోజుల్నుంచి అదే ఆలోచన. నిజంగా తొక్కానా, తొక్కాననుకున్నానా అని."

ఆ మాటకి లోపల ఆయన భార్య చేతిలో గరిటె ఆగింది. పద్దెనిమిదేళ్ళుగా ఒక్క గీత పడకుండా బండి నడిపిన మనిషి, తన కాలిని తానే అనుమానించుకుంటున్నాడు. ఆ అనుమానం పెట్టింది ఇన్‌స్పెక్టరు కాదు, మేనేజరూ కాదు.

శుక్రవారం ఒకటిన్నరకి ఆయన ఒక్కడే మిల్లు షెడ్డుకి వెళ్ళాడు. వ్యాను బంపరు సరిచేసి లోపల పెట్టారు. నాలుగింటికి కొత్త డ్రైవరు మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళని దింపడానికి తీస్తాడు. మేస్త్రి నాలుగు చక్రాలకీ రాళ్ళు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇంజను స్టార్టు చేశాడు. యాక్సిలరేటరు మీద చెక్కముక్క బిగించాడు. షెడ్డు రేకులు అదరడం మొదలుపెట్టాయి.

అలవాటు కొద్దీ మూత తెరిచే ఉంచాడు. పావుగంటకోసారి పెడలు తొక్కాడు. మెత్తగా దిగింది. ముప్పావుగంట గడిచింది. ఏమీ లేదు. చెక్కముక్క తీసేద్దామని వంగినవాడు, వంగినవాడల్లా ఆగిపోయాడు. లేచి, ఇంజను మూత దించి, నాలుగు క్లిప్పులూ పెట్టాడు. నడిచే బండిలో మూత ఎప్పుడూ మూసే ఉంటుంది.

మూత కిందనుంచి వేడి ఆయన పిక్కలకి కొట్టడం మొదలైంది. పది నిమిషాలకి తొక్కాడు. బాగుంది. పదిహేనుకి తొక్కాడు. బాగుంది. ఇరవై నిమిషాలకి మొదటిసారి దిగింది, రెండోసారి సగమే దిగింది. మూడోసారి దిగలేదు.

రెండు కాళ్ళూ పెట్టి, సీటుకి వీపు ఆనించి తొక్కాడు. గోడని తొక్కినట్టుంది. నుదుటి చెమట కంట్లోకి కారింది. షెడ్డులో ఆయన తప్ప ఎవరూ లేరు. కదలని బండిలో, రాళ్ళు అడ్డం పెట్టిన బండిలో కూర్చుని, కిందికి దొర్లిపోతున్నట్టు స్టీరింగు పట్టుకున్నాడు.

ఇంజను ఆపకుండానే మూత ఎత్తాడు. జీవితంలో మొదటిసారి వేడి ఇంజను మీదికి వంగాడు. ఆవిరి మొహానికి కొట్టింది. బ్రేకు తొక్కేటప్పుడు సగం బలం మనిషిది కాదు, పెడలు ముందుండే డబ్బాది. డైనమో వెనకున్న పంపు ఆ డబ్బాలోని గాలి లాగేస్తుంటేనే దానికి ఆ బలం. పంపుకీ డబ్బాకీ మధ్య ఒక పైపు. పాత ఇంజనుకి డైనమో కుడివైపు ఉండేది. ఈ ఇంజనుకి ఎడమవైపు. పాత పైపు జానెడు తక్కువైంది.

ఆయన కళ్ళు ఆ పైపు వెంబడి వెళ్ళి, అతుకు దగ్గర ఆగాయి. గట్టి పైపు అయిపోయి, నల్లటి మెత్తటి ముక్క మొదలయ్యేచోట. సైలెన్సరు వేడికి బెత్తెడు దూరంలో ఆ ముక్క బల్లపరుపుగా, నాలిక లోపలికి పీల్చుకున్నట్టు అణిగిపోయి ఉంది. గాలి దూరే సందు లేదు.

తీగ లాగాడు. ఇంజను దగ్గి ఆగింది. ఆయన చూస్తుండగానే ఆ ముక్క మెల్లగా ఉబ్బి, గుండ్రంగా, ఏ పాపం ఎరగనట్టు మామూలు పైపు అయిపోయింది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

అది రేడియేటరుకి వేసే నీళ్ళ పైపు. తోసే నీళ్ళకి తట్టుకుంటుంది గానీ పీల్చే గాలికి తట్టుకోదు, అందులోనూ వేడెక్కితే. అది ఆయనకి తెలియని సంగతి కాదు. ఆ రోజు ఇంజను పట్టీలు కుదిరాయి, గేరుపెట్టె బోల్టులు కలిశాయి, రేడియేటరుకి కొట్టుకుంటున్న ఫ్యాను సర్దుకుంది, తాళానికి ఆగని ఇంజను తీగకి ఆగింది. ఇంత సాధించాక ఒక్క జానెడు పైపు కోసం మర్నాటిదాకా ఆగడమా అనుకున్నాడు. అప్పటికి వేసి, తర్వాత మారుద్దాంలే అనుకున్నాడు. తర్వాత జ్ఞాపకమే రాలేదు.

మూడు అయింది. కొత్త డ్రైవరు వస్తాడు, ఆడవాళ్ళు ఎక్కుతారు. ఇంక ఆలోచించడానికి లేదు. సైకిలు మీద వెళ్ళి సరైన గట్టి పైపు నిలువునా ఒకే ముక్క తెచ్చి, చేతులు కాలుతున్నా బిగించాడు. పాత ముక్క జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటికి వ్యాను కిందికి దిగింది. ఐదున్నరకి తిరిగొచ్చింది. కొత్త డ్రైవరు పళ్ళు కుట్టుకుంటూ దిగి, "బ్రేకు వెన్నలా ఉంది," అన్నాడు.

"చూశావా," అన్నాడు మేనేజరు. "బండిలో ఏం లేదు. మనిషిలోనే ఉంది."

మేస్త్రి జేబులోంచి ముక్క తీశాడు. "బండిలోనే ఉంది సార్. ఇదిగో. తప్పు నాది." చెప్పవలసిందంతా చెప్పాడు.

మేనేజరు ఆ ముక్కని అటూ ఇటూ తిప్పాడు, నొక్కాడు, ఒక కన్ను మూసి లోపలినుంచి చూశాడు. బాగానే గుండ్రంగా ఉంది. నవ్వుతూ తిరిగిచ్చాడు. "మొన్న బాగుందని సంతకం పెట్టావు. ఇవాళ బాలేదంటున్నావు. ఇంట్లో మీ ఆవిడ ఏడ్చిందా? పర్వాలేదు మేస్త్రీ, ఎవరికైనా తప్పదు. కానీ రేపు ఇన్‌స్పెక్టరు ముందు ఈ రబ్బరు ముక్క తియ్యకు. నవ్వుతాడు."

మేస్త్రి అక్కడే నిలబడ్డాడు. బావమరిదికి వ్యతిరేకంగా చెప్పిన మాట అందరూ నమ్మారు. అతని వైపుగా చెప్తే ఒక్కడూ నమ్మడు. పైగా బండిని ఆయనే బాగుచేశాడు. ఆ మంచి పైపు బిగించిన ప్రతి బోల్టూ బావమరిది మీద సాక్ష్యం చెప్తోంది.

శనివారం ఉదయం తొమ్మిదింటికి బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి మేస్త్రి బండి కింద ఉన్నాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. మంచి పైపు నేల మీద చుట్టచుట్టి ఉంది. పాత ముక్క మళ్ళీ తన చోట కూర్చుంది.

"బాగున్న బండిని పాడుచేశాడు సార్," అన్నాడు మేనేజరు.

"బుధవారం ఎలా ఉందో అలా చేశాను సార్," అన్నాడు మేస్త్రి. "చక్రాలకి రాళ్ళున్నాయి. ఇంజను ఒక గంట తిరగాలి. మూత తెరవకూడదు."

"గంటా?" ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకున్నాడు.

"ఆ రోజు దానికీ అంతే పట్టింది సార్."

ఇన్‌స్పెక్టరు ఆయన చేతుల్ని చూశాడు. రెండు అరచేతులకీ కొత్త బొబ్బలున్నాయి. కుర్చీ తెమ్మన్నాడు.

ఆ గంటా షెడ్డు రేకులు అదురుతూనే ఉన్నాయి. ఇంజను మోతలో మాట్లాడడానికీ లేదు. బావమరిది గేటు దగ్గర నిలబడ్డాడు, ఎవరూ దగ్గరికి రమ్మనలేదు. షెడ్డు గోడ నీడలో వాచ్‌మన్ భార్య ఉంది, చేతిలో ఆసుపత్రికి తీసుకెళ్ళే క్యారియరుతో. మధ్యమధ్య ఆమె బావమరిదికేసి చూస్తోంది. ఆ చూపు పడ్డప్పుడల్లా అతను తల వంచుకుంటున్నాడు. మేస్త్రి అది చూస్తూ, ఆ చూపు ఇంకాసేపట్లో ఎటు తిరుగుతుందో తెలిసి కూడా, గడియారం చూడకుండా ఇంజను మోతే వింటున్నాడు.

"తొక్కండి సార్," అన్నాడు చివరికి మేనేజరుతో.

మేనేజరు సీటెక్కి తొక్కాడు. దిగింది. నవ్వు మొహంతో ఇన్‌స్పెక్టరుకేసి తిరిగాడు. "మళ్ళీ తొక్కండి," అన్నాడు మేస్త్రి. రెండోసారి మేనేజరు మోకాలు ఆగింది. మూడోసారి ఆయన చెయ్యి తనంతట తానే హ్యాండ్ బ్రేకు మీదికి వెళ్ళింది. కిందికి దిగి, ఎవరికేసీ చూడకుండా, ఫ్యాంటు దులుపుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఎక్కాడు. తొక్కాడు. బూటు వేసుకున్న కాలు. పెడలు కదల్లేదు.

వాచ్‌మన్ భార్య క్యారియరు కింద పెట్టి వచ్చింది. ఆమెని ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. మెట్టు ఎత్తుగా ఉంటే చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కింది. ఏది బ్రేకో మేస్త్రి చూపించాడు. చెప్పులు విడిచి, రెండు పాదాలూ పెట్టి, స్టీరింగు పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి తొక్కింది. చాలాసేపు తొక్కింది. తర్వాత పాదాలు తీసి ఊరికే కూర్చుంది.

మేస్త్రి మూత ఎత్తి అణిగిపోయిన ముక్క చూపించాడు. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. "ఎవరు వేశారు ఇది?"

"నేనే సార్."

"నీళ్ళ పైపు ఇక్కడ వెయ్యకూడదని తెలీదా?"

"తెలుసు. మారుద్దామనుకున్నాను."

"ఇతను నీకు ముందే చెప్పాడా, బ్రేకు పట్టడం లేదని?"

"సోమవారమే చెప్పాడు. తనతో ఒక్క ట్రిప్పు రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు."

ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. వాచ్‌మన్ భార్య సీటు దిగి చెప్పులు వేసుకుంది. గేటు దగ్గరి మనిషికేసి చూడలేదు. మేస్త్రి దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన ముఖంకేసి, చేతులకేసి, మళ్ళీ ముఖంకేసి చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. అంతకంటే ఆయన చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు. ఆమె క్యారియరు తీసుకుని వెళ్ళిపోయింది.

బావమరిది వచ్చి తీగ లాగి ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో కలం గీతలు వినిపించాయి.

"నువ్వు స్టేషనుకి రావాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు తల ఎత్తకుండా.

మేస్త్రి సరేనన్నాడు. పాత గుడ్డతో స్పానర్లు ఒక్కొక్కటే తుడిచి సంచిలో పెట్టి, సంచి బావమరిది చేతికిచ్చాడు. అతను అందుకున్నాడు. బావ చేతి బొబ్బలు చూస్తున్నాడు.

"అక్కకి ఏం చెప్పమంటావు బావా?" అన్నాడు ఎప్పటికో.

"నా కోసం చూడొద్దని చెప్పు. అన్నం వేడిగా ఉండగానే మీరిద్దరూ తినెయ్యండి."